మా గుమ్మంలో మొదటి కుళాయి

ఏప్రిల్ చివర్లో కాలువలకి నీళ్లు కట్టేశాక మా ఊరి సర్పంచిగారి నుంచి ఉత్తరం వచ్చింది. "తమ తాతగారి కుళాయి తీసేయడానికి అనుమతి కావాలండీ." ఫోన్లో సరే అనేయొచ్చు. కానీ మా ఇంట్లో ఎవరూ ఎదురుగా నిలబడకుండా మాట ఇవ్వలేదు. మర్నాడు ఉదయం ఆరూ పదికి కాకినాడలో అమలాపురం బస్సెక్కాను.

మాది ఉప్పలగుప్తం దగ్గర పల్లె. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే. అందుకే తాతగారు మంచినీళ్ల చెరువుకి రెండెకరాలు రాసిచ్చారు. కాలువ నీళ్లు అందులో నింపుకుని, వడగట్టి, ట్యాంకుకెక్కించి ఊరికి వదులుతారు. తాతగారి షరతు ఒక్కటే: ఎప్పుడు వదిలినా మొదటి నీళ్లు మా గుమ్మంలో కుళాయికే రావాలి. ఇల్లు చేతులు మారి చాలా ఏళ్లయింది. షరతు నడుస్తూనే ఉంది.

యానాం దాటాక పక్కసీటాయన అడిగారు. "ఇంత ఎండలో ఎవరింటికండీ?"

"మా కుళాయి చూడ్డానికి."

"ఆయ్! కుళాయికి కూడా చుట్టాలొస్తారన్నమాట" అని నవ్వేరు. నేను నవ్వలేదు.

అమలాపురంలో ఇడ్లీ తిని, ఆటోలో తొమ్మిదిన్నరకి ఊరు చేరాను. మా గుమ్మంలో ఇప్పుడు ఒలిచిన కొబ్బరి డొక్కల గుట్టలు. వాల్వులు తిప్పే సత్తిబాబు కుళాయి తిప్పాడు. నీళ్లు పది నిమిషాలు నేలపాలయ్యాయి.

"ఎవరూ పట్టుకోరా?"

"మీ దివాణం కుళాయండీ, పెద్దింటిదని ముట్టుకోరు. చెరువు అడుగంటింది, రోజు విడిచి రోజు అరగంటే వదులుతున్నాం. అందులో పది నిమిషాలు ఇక్కడికేనండీ."

చివరి వీధికి నడిచాను. మంగమ్మ అనే ఆవిడ రెండో బిందె నిండకుండానే ధార ఆగిపోయింది. నన్ను పోల్చుకుంది.

"మీ తాతగారు నీళ్లిచ్చేరు బాబుగారూ. మీ కుళాయికే దాహం తీరట్లేదు!"

పంచాయతీ ఆఫీసులో సర్పంచిగారు కాగితం, కుర్చీ ముందుకు జరిపారు. నిలబడే రాశాను: "షరతు రద్దు చేయడం లేదు, మారుస్తున్నాను. ఇకమీదట మొదటి నీళ్లు చివరి వీధికి."

సత్తిబాబు తల గోక్కున్నాడు. "మిగతా వాల్వులు కట్టేసి అటు వదలొచ్చండీ."

నీళ్లు మళ్లీ ఎల్లుండే. ఇచ్చిన మాట జరగడం చూడకుండా వెళ్లడం మా అలవాటు కాదు. అమలాపురం లాడ్జిలో రెండు రాత్రులున్నాను. మూడో రోజు చివరి వీధిలో మంగమ్మ నాలుగో బిందె ఎత్తుకుని, "మీ కుళాయికి దాహం తీరిందండీ?" అంది. ఈసారి నవ్వాను.

మధ్యాహ్నం బస్సులో కండక్టరు అడిగాడు. "ఏ ఊరండీ మీది?"

"మొదటి నీళ్లు చివరి వీధికిచ్చే ఊరు" అన్నాను.