కళ్ళు మూయని దీదీ

ప్రార్థనలో కూడా కళ్ళు మూయని మనిషి మా ల్యాబ్ దీదీ. బాంబూఫ్లాట్ ఊళ్ళోని తెలుగు చర్చిలో అందరూ తలలు వంచితే, ఆవిడ మాత్రం ఎదురుగా చూస్తూనే "ఆమెన్" అనేది. ఎందుకని అడిగాను ఒకసారి.

"క్యా కరూఁ, అలవాటైపోయింది. చూడకపోతే ఏదో అయిపోద్దని డర్."

పోర్ట్ బ్లెయిర్ కాలేజీలో ఆవిడ దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఫ్లాస్కులోని ఉత్ప్రేరకానికి నీలం వెలుగు తగిలితే రాడికల్స్ అనే నిలకడలేని అణుముక్కలు పుడతాయి. అవి బోరాన్‌ను పట్టుకుంటేనే మాకు కావలసిన పదార్థం తయారవుతుంది. గాలి దూరితే ఆక్సిజన్ వాటిని ముందే మింగేస్తుంది. అందుకే ఫ్లాస్కు మూతికి నైట్రోజన్ నింపిన బెలూన్ ఒకటి ఉండేది. దీదీ చూపంతా దాని మీదే.

ఒక వానాకాలం సాయంత్రం పని సగంలో ఉండగా కరెంటు పోయింది. నైట్రోజన్ సిలిండర్ అప్పటికే ఖాళీ. కొత్తది తెచ్చే షిప్ సముద్రం బాగాలేక రాలేదు. బెలూన్ మెల్లగా వాడిపోతోంది.

"లైట్ పోతే ఆగుద్ది, అంతే. మళ్ళీ వస్తే నడుస్తాది. బెలూన్ పడిపోతేనే ఖతం," అంటూ దీదీ ఫోన్ టార్చి దాని మీద వేసి, పెదవులు కదుపుతూ నిలబడిపోయింది.

బెలూన్ నిమ్మకాయంత అయ్యాక కరెంటు వచ్చింది. ఫ్లాస్కు మళ్ళీ నీలంగా వెలిగింది.

"గండం గడిచినట్టేనా దీదీ?"

"ఇంకా చాలాసేపుంది. నువ్వు చూస్తా ఉండు."

అని గోడకు ఆనుకుని, ఆవిడ కళ్ళు మూసుకుంది.

నాకు రెప్ప వేయాలంటే భయమేసింది.