చీపురు కర్ర కింద తల

నా చీపురు కర్ర కనిపించలేదంటే అది లీవెన్ దగ్గరే ఉంటుంది. ఆ ఏడాదంతా నాకు అదే గొడవ. మా జట్టు వంట ట్రక్కు ఊడ్చుకుందామని చూస్తే కుచ్చు ఓ మూల పడి ఉండేది, కర్ర మాయం. వెళ్ళి చూస్తే లీవెన్ దాన్ని పట్టుకుని పైకప్పు లేని పందెం కారు పక్కన నిలబడి ఉండేవాడు. కారులో ఫెన్నా, హెల్మెట్ పెట్టుకుని. కర్ర ఒక కొసను ఆ పిల్ల తల వెనకున్న కమాను మీద, రెండో కొసను స్టీరింగు ముందున్న గట్టు మీద ఆనించేవాడు. హెల్మెట్ ఆ కర్రకు కిందే ఉండాలి. కారు తిరగబడితే నేలకు ఆనేవి ఆ రెండు చోట్లే. మధ్యలో, కర్రకు కిందుగా ఉన్న తల దక్కుతుంది.

"నీకు వేరే కర్రే దొరకదా?" అంటే, "నీ కర్ర తిన్నగా ఉంటుంది హిల్డా, నీ నోరులా కాదు," అనేవాడు.

లీవెన్ బార్ట్‌ది మా పశ్చిమ ఫ్లాండర్స్‌లోనే సముద్రపు గాలి తగిలే ఊరు. వాళ్ళ నాన్న శవపేటికల లోపలికి మెత్తలు కుట్టేవాడు. ఊళ్ళో ఎవరు పోయినా టేపు పట్టుకుని వెళ్ళి కొలిచి రావాలి. టేపు రెండో కొస పట్టుకోవడం లీవెన్ వంతు. అలా పట్టుకుని పట్టుకుని అతనికి ఒక పట్టింపు వచ్చింది. పడుకున్న మనిషిని కొలవడు. వాళ్ళావిడ జ్వరంతో పడుకుని, స్వెట్టర్ అల్లుకుంటాను భుజాల కొలత తీసిపెట్టమంటే, లేచి నిలబడితేనే టేపు తీస్తానన్నాడట. ఆవిడ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. లీవెన్ మాత్రం నవ్వడు.

నాన్న చేసే ఆ పని తను చేయలేక పారిపోయి వచ్చి పందెం కార్లలో చేరితే, ఇక్కడా మెత్తలే అతని చేతికొచ్చాయి. ఈ చిన్న కార్లలో డ్రైవరు సీటు కొనుక్కునేది కాదు, పోసుకునేది. రెండు ద్రవాలు బకెట్లో కలిపి సంచిలో పోసి, ఆ సంచి మీద డ్రైవరును కూర్చోబెడతారు. నురుగు పొంగుతుంది, వేడెక్కుతుంది, వీపు చుట్టూ గట్టిపడుతుంది. అంతసేపూ డ్రైవరు కదలకూడదు. తర్వాత అంచులు చెక్కి పైన జిగురు టేపు చుడతారు. ఆ పనిలో లీవెన్‌ది మంచి చెయ్యి. డ్రైవర్లు ఆ కారులో వెల్లకిలా పడుకున్నట్టే ఉంటారు కదా, మరి నీ పట్టింపు ఏమైందని ఓసారి అడిగాను. "కాలుతోందని నన్ను తిడుతున్నారు కదా, కూర్చున్నట్టే లెక్క," అన్నాడు.

ఫెన్నా ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ పిల్ల. పదహారేళ్ళు. పాల రైతు కూతురు. వాళ్ళ నాన్న గుమ్మం దాటాలంటే తల వంచాలి, అన్న కూడా అంతే. ఆ సంగతి అప్పుడే మాకు బుద్ధి చెప్పి ఉండాలి. మార్చిలో సీటు పోసినప్పుడు పిల్ల పొట్టిగానే ఉంది. హెల్మెట్‌కూ కర్రకూ మధ్య లీవెన్ అరచేయి నిలువుగా పట్టేది.

మొదటి పందెంలోనే గెలిచింది. రెండో దాంట్లో రెండో స్థానం. మా జట్టు యజమాని ఫిర్మిన్‌కు అలాంటి డ్రైవరు దొరికి ఎన్నేళ్ళయిందో. పిల్ల అడగకముందే కుర్చీ లాగి వేసేవాడు.

మే నెలలో ఇసుక దిబ్బల పక్కన ట్రాక్‌కు వెళ్ళినప్పుడు కర్ర కింద లీవెన్ వేళ్ళు మాత్రమే పట్టాయి.

"పెరిగానా బాబాయ్?" అంది ఫెన్నా హెల్మెట్ లోంచి.

"నువ్వెక్కడ పెరిగావే. హెల్మెట్ ఉబ్బింది, రాత్రి వానకు."

అందరం నవ్వాం. ఆస్ట్రియా కొండల్లోకి వెళ్ళేసరికి మళ్ళీ అదే ప్రశ్న. "పెరిగానా బాబాయ్?" ఈసారి లీవెన్ కర్రలో వంకర వచ్చిందన్నాడు. నవ్వింది తక్కువమంది.

పిల్లకూ తెలుసు. జుట్టు కత్తిరించేసుకుంది. తనిఖీ వాళ్ళు తమ కర్ర పట్టుకుని వచ్చినప్పుడు ఊపిరంతా వదిలేసి సీటులోకి జారిపోయేది. నా దగ్గర తినడం మానేసింది. బఠాణీ సూపంటే ప్రాణం పెట్టే పిల్ల, గిన్నె అలాగే తిరిగొచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"తినకపోతే పెరగననుకుంటున్నావా? ఎముకలకు నీ మాట వినబడదమ్మాయ్."

"అక్టోబరు దాకా ఆగమను హిల్డత్తా. తర్వాత ఎంత కావాలంటే అంత పెరుగుతాను," అంది. నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

అక్టోబరులో ఆఖరి పందెం. ఆ ఏడాది పట్టం గెలిచినవాళ్ళకు పెద్ద కార్ల జట్టులో చోటు. ఈ కార్లన్నీ ఒకే అచ్చులో పోసినవి, మనిషి పెరిగాడని కారు పెరగదు. తల కర్రకు తగిలిందా, పందెంలోంచి బయటికే. ఆ పిల్లకు ఇంకో ఏడాది అనేది లేదు, వచ్చే వసంతానికి కాళ్ళు కూడా పట్టవు.

జూన్ చివర్లో హెల్మెట్ కర్రకు తగిలింది. చిన్న చప్పుడు, టక్కుమని.

మా వాళ్ళకు దీనికో తేలికైన మార్గం ఉంది. అన్ని జట్లూ చేసేదే. సీటు అడుగున నురుగు కాస్త చెక్కేస్తే మనిషి కిందికి దిగుతాడు. తల కర్ర కిందికి వస్తుంది, తనిఖీ వాళ్ళు సంతకం పెడతారు. వాళ్ళ కర్ర తల పైన ఏముందో చూస్తుంది, నడుము కింద ఏం మిగిలిందో చూడదు.

లీవెన్ ఒకసారి చెక్కాడు, పల్చగా. చెక్కిన ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఫిర్మిన్‌తో ఆ రోజే చెప్పేశాడు.

"ఇంతే. ఇంక నా చేత కోయించకు. దీని కింద మిగిలింది బండి అడుగూ, పిల్ల ఎముకా."

"అందరూ కోస్తున్నారు లీవెన్."

"కోయనీ."

సెప్టెంబరు వచ్చేసరికి పట్టం పోటీలో ఫెన్నా మొదటి స్థానంలో ఉంది. తల మళ్ళీ తగిలింది. ఫెన్నా నా వంట ట్రక్కు వెనక్కి లీవెన్‌ను లాక్కెళ్ళి బతిమాలింది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను, అంతా వినబడింది.

"ఒక్కటే పందెం బాబాయ్. నీకు దణ్ణం పెడతాను. నా వీపు, నా ఇష్టం."

"నీ వీపేనమ్మా. కోసే చెయ్యి నాది."

"నువ్వు కోయకపోతే ఇంకొకరు కోస్తారు."

లీవెన్ తిన్నగా ఫిర్మిన్ దగ్గరికెళ్ళి పిల్లను కారు దింపెయ్యమన్నాడు. దింపకపోతే తనిఖీ వాళ్ళకు తనే చెబుతానన్నాడు. ఇరవై ఏళ్ళ స్నేహం వాళ్ళది. ఫిర్మిన్ ఎర్రబడిన మొహంతో, "నీకు వయసు మీద పడింది, ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకో," అన్నాడు. లీవెన్ తన పనిముట్ల పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. తనిఖీ వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు కూడా. వాళ్ళు వచ్చారు, కర్ర పెట్టారు, పిల్ల ఊపిరి వదిలింది. ఈసారికి కర్ర తగల్లేదు. ఉద్యోగం పోయిన కోపంతో చాడీలు చెబుతున్నాడని అతని గురించి నవ్వుకున్నారు.

ఆఖరి పందెం అడవి కొండల మధ్య ట్రాక్‌లో. ఆ పొద్దున అందరికీ గుడ్లు వేయించి, రొట్టె కోద్దామని కత్తి తీశాను. దాని పళ్ళ మధ్య పసుపుపచ్చని పొడి అంటుకుని ఉంది. రొట్టె పొడి అనుకుని వేలితో తీస్తే నలగలేదు, ముద్ద కాలేదు. గరగరలాడింది. సీటు నురుగు.

కత్తి పట్టుకునే ఫిర్మిన్ దగ్గరికి వెళ్ళాను.

"ఎంత కోశావు?"

"ఏం కోశాను?"

"రొట్టె కత్తితో రొట్టె నేను కోస్తాను ఫిర్మినూ. నువ్వు కోసిందేంటి?"

"తనిఖీ అయిపోయింది. సంతకం పెట్టారు. నువ్వెళ్ళి గుడ్లు చూసుకో, మాడుతున్నాయి."

ట్రాక్ అధికారుల గదికి వెళ్ళి గట్టిగానే చెప్పాను. వంటావిడ మాట అక్కడ ఎవరికి పట్టింది? కాగితం సరిగ్గా ఉంది, వెళ్ళమన్నారు. లీవెన్‌కు ఫోన్ చేశాను. అతను ఎక్కువ మాటలేం అనలేదు. "పిల్లకు ఫోనివ్వు," అన్నాడు. పరిగెత్తాను. అప్పటికే హెల్మెట్ పెట్టేసుకుంది. ఫోన్ చూపించి లీవెన్ అన్నాను. తల అడ్డంగా ఊపింది, అద్దం కిందికి లాగేసుకుంది. వేరే కుర్రాడెవరో బెల్టులు బిగించాడు. ఫోన్‌లో లీవెన్ ఇంకా లైన్లోనే ఉన్నాడు, ఇంజిన్ల చప్పుడు వింటూ.

మా ట్రక్కు మెట్ల మీద నిలబడితే ఒక మలుపు కనబడుతుంది. అడ్డదారి తొక్కకుండా మలుపు లోపలి అంచున పసుపు దిమ్మ ఒకటి పోశారు. ఫెన్నా ముందుంది. వెనక నుంచి ఒకడు పక్కకు వచ్చాడు, తను చోటివ్వలేదు, చక్రం దిమ్మ ఎక్కింది. కారు లేచింది. తిరగబడలేదు, దేన్నీ గుద్దలేదు. గాల్లో బల్లపరుపుగా లేచి, అంతే బల్లపరుపుగా నేల మీద పడింది. పడిన చోటే పచ్చికలోకి జారి ఆగింది.

గరాజులో ఎవరో రేడియో విని, "కారుకేం కాలేదు," అన్నాడు. నిజమే. కారుకు గీత కూడా పడలేదు. తల కూడా కర్ర కిందే భద్రంగా ఉంది. పిల్ల మాత్రం కారులోంచి లేవలేదు.

నడుము దగ్గర రెండు వెన్నుపూసలు నలిగిపోయాయి. కాలివేళ్ళు కదులుతున్నాయని, నడుస్తుందని డాక్టర్లు చెప్పారు. అలాంటి కారులో మాత్రం ఇక ఎప్పటికీ కూర్చోకూడదు. చాలా వారాలు కదలకుండా పడుకుని, తర్వాత ఇంటి దగ్గర కుర్చీలో వీపుకు దన్నుతో కూర్చోవాలి. ఆ దన్ను తన వీపుకు సరిగ్గా ఉండాలంటే లీవెనే చెయ్యాలని పిల్లే అడిగిందట. వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. నేనూ లీవెన్‌తో ఆసుపత్రికి వెళ్ళాను.

పిల్ల వెల్లకిలా పడుకుని ఉంది. అటూ ఇటూ ఇసుక సంచులు. లీవెన్ జేబులోంచి టేపు తీశాడు, మంచం పక్కన నిలబడ్డాడు. ఎంతసేపటికీ చెయ్యి ముందుకు రాలేదు. నర్సు తలుపు దగ్గర నుంచి ఓసారి చూసి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అతని చేతిలోంచి టేపు రెండో కొస నేనే తీసుకుని, పిల్ల పాదాల దగ్గర పట్టుకున్నాను. అప్పుడు వంగాడు. పాదాల నుంచి తల దాకా టేపు మెల్లగా లాక్కుంటూ వెళ్ళాడు.

ఫెన్నా పైకప్పు వైపే చూస్తోంది.

"పెరిగానా బాబాయ్?"

లీవెన్ అంకె దగ్గర బొటనవేలు నొక్కి పట్టి, రెండుసార్లు చూసుకున్నాడు.

"పెరిగావమ్మా," అన్నాడు. "చాలా పెరిగావు."

టేపు చుట్టడం చేతకాక, అలాగే ఉండలా జేబులో కుక్కుకున్నాడు.