చూడకుండా పెట్టిన సంతకం

ఆ ఊళ్ళో తొమ్మిది వందల నలభై మూడు ఓట్లు. ఆ తొమ్మిది వందల నలభై మూడు మొహాలూ ఎరిగిన మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే. ఆయన పేరు శాంతయ్య. గరికపాడు చెక్‌పోస్టు నించి జగ్గయ్యపేట వచ్చే దారిలో హైవే దిగి లోపలికి వెళ్ళి ఎవరినడిగినా ఆయన ఇల్లు చూపిస్తారు.

చదువు ఐదో క్లాసు, ఊళ్ళోని మిషన్ బడిలో. ఆ ఐదు క్లాసులతోనే రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాడు. తాముండే పేటకి బోరింగు వేయించాడు. సమాధుల దొడ్డికి దారి లేకపోతే, ఆఫీసుల చుట్టూ పదకొండు సార్లు తిరిగి దారి వేయించాడు. కూలికెళ్ళిన చేతులతోనే ఎకరంన్నర చెలక కొని మిరప పండించాడు. కూతురు రూబీని చదివించి టీచర్ని చేశాడు, ఆ పిల్ల ఇప్పుడు నందిగామలో పాఠాలు చెబుతోంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఎలక్షన్ రోజున బూత్‌లో పార్టీ ఏజెంటుగా కూచోవడం ఒక ఎత్తు.

మొదటిసారి కూచున్నది ఎనభై మూడులో. అప్పుడాయనకి ఇరవై ఏడేళ్ళు. అవతలి పార్టీ ఏజెంటు కుటుంబరావు, ఊళ్ళో పెద్ద రైతు. బడి గదిలో ఏజెంట్లందరికీ కుర్చీలు వేసి, శాంతయ్యకి మాత్రం గోడవారన బెంచీ చూపించారు. ఆయన బెంచీ దగ్గరికి పోలేదు. కిటికీ పక్కనున్న కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"అదేంటయ్యా, బెంచీ ఉందిగా?" అన్నాడు కుటుంబరావు.

"అక్కణ్ణుంచి ఓటరు వీపు కనపడుద్దండి. నా పని మొహం చూడ్డం," అన్నాడు శాంతయ్య.

ఆ రోజు నించి తొమ్మిది ఎన్నికలు. తొమ్మిదింటికీ అదే కిటికీ, అదే పక్క. ఆయన కూచున్న బూత్‌లో దొంగ ఓటు పడలేదు, పెట్టె ఎత్తుకెళ్ళలేదు, రీపోలింగ్ మాట రాలేదు. "నా బూత్‌కి మచ్చ లేదు" అనేది ఆయన ఊతపదం.

ఓటింగ్ మిషన్లు వచ్చాక ఇంకో పద్ధతి కూడా ఆయనే పెట్టాడు. పోలింగు మొదలవకముందు తెల్లారుజామున ఏజెంట్ల ఎదట ఉత్తుత్తి ఓట్లు యాభై వేసి, మిషను సరిగ్గా లెక్కపెడుతోందో లేదో చూస్తారు. దాన్ని మాక్ పోల్ అంటారు. చూశాక ఆ ఓట్లన్నీ తుడిచేసి, ఏ గుర్తుకి ఓటు పడిందో చూపించే చీటీల డబ్బాలోంచి కాగితాలు తీసి నల్ల కవర్లో పెట్టి సీలు వేయాలి. మొదట్లో ఎవరి గుర్తు వాళ్ళే టపటపా నొక్కుకుని, ఉత్తుత్తి ఓట్లకి నిజంగా కొట్టుకోబోయారు. అప్పుడు శాంతయ్య అన్నాడు: "పంక్తిలో వడ్డించినట్టు నొక్కుదాం. పైనించి కిందికి, మనిషి తర్వాత మనిషి. తనా పరా అని లేదు." అప్పటినించీ ఆ బూత్‌లో అది ఆచారం. పంక్తి లెక్క అంటారు.

ఇక పదో ఎన్నిక. మే నెల, పదమూడో తారీఖు. ఐదింటికే వేడి మొదలైంది. ఆయన భార్య లూర్దమ్మ చద్దన్నం పెట్టి, చొక్కా జేబులో పెన్సిలు ఉందో లేదో తడిమి చూసింది.

"గొడవ పెట్టుకోబాక," అంది.

"నేనెప్పుడు పెట్టుకున్నా?"

"ఎప్పుడు పెట్టుకోలేదో చెప్పు, అది తొందరగా అయిపోద్ది."

బడి గదిలో రెండు మిషన్లు. ఒకటి పార్లమెంటుకి, ఒకటి అసెంబ్లీకి. ప్రిసైడింగ్ ఆఫీసరు రాజ్యశ్రీ, ఎక్కడో కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, ఈ డ్యూటీకి కొత్త. నలుగురు ఏజెంట్లు. అవతలి పార్టీ తరఫున ఈసారి కుటుంబరావు కొడుకు భవానీప్రసాద్ వచ్చాడు. నలభై దాటినవాడు, నోరు గలవాడు.

పార్లమెంటు మిషనుకి యాభై నొక్కారు, లెక్క చూశారు, తుడిచేశారు, చీటీలు కవర్లో పెట్టారు. తర్వాత అసెంబ్లీ మిషను. నోటాతో కలిపి పది మీటలు. పంక్తి ప్రకారం ఐదు వరసలు, గుర్తుకి ఐదు చొప్పున యాభై. చివరి మీట నొక్కడానికి శాంతయ్య లేచాడు. నొక్కి వెనక్కి తిరిగేసరికి కిటికీ పక్క కుర్చీలో భవానీప్రసాద్ కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

"ప్రసాదూ, అది నా కుర్చీ."

"పేరేమన్నా రాసుందా పెద్దాయనా?"

"నలభై ఏళ్ళ నించి కూచుంటున్నా."

"నలభై ఏళ్ళు కూచుంటే చాల్లే. కాస్త నిలబడు, కాళ్ళు పట్టేస్తాయి."

మిగతా ఇద్దరు ఏజెంట్లూ కిసుక్కున నవ్వారు. శాంతయ్యకి చెవులు వేడెక్కాయి.

"మీ నాన్నే నన్ను లేపలేకపోయాడు. నీవల్ల ఏమవుద్ది?"

"మా నాన్న మెతక మనిషి. నేను కాదు."

శాంతయ్య కుర్చీ వీపు పట్టుకుని గుంజాడు. భవానీప్రసాద్ కుర్చీ చేతులు రెండూ పట్టుకుని బిగదీసుకున్నాడు. అరుపులు బయటికి వినపడి లైన్లో ఉన్నవాళ్ళు తలుపు తట్టడం మొదలెట్టారు. ఏడు కావడానికి పది నిమిషాలుంది. రాజ్యశ్రీ మధ్యలోకొచ్చి, "ఇద్దర్నీ బయటికి పంపించేస్తానండీ!" అని కేక వేసింది. ఆ కేకతో శాంతయ్య వదిలేశాడు. ఆమె హడావిడిగా కాగితం అందరి ముందుకీ తిప్పింది. మాక్ పోల్ ఓట్లు మా ఎదట తుడిచేశారు అనే కాగితం. శాంతయ్య బెంచీ మీద కూచుని, మోకాలి మీద కాగితం పెట్టి, చూపు కుర్చీ మీదే ఉంచి సంతకం గీకాడు. సీళ్ళు పడ్డాయి. పోలింగు మొదలైంది.

మొదటి ఓటు లూర్దమ్మది. తొమ్మిది ఎన్నికలకీ మొదటి ఓటు ఆవిడదే. బెంచీ మీదున్న మొగుణ్ణి చూసి కళ్ళతోనే ఏంటని అడిగి, వేలి మీద సిరా ఆరబెట్టుకుంటూ వెళ్ళిపోయింది. శాంతయ్య జాబితాలో పెన్సిలుతో టిక్కు పెట్టాడు. ఆయన పద్ధతి అది. ఓటు పడ్డ ప్రతి పేరుకీ ఒక టిక్కు.

తొమ్మిదింటికి ఎన్ని ఓట్లు పడ్డాయో పై ఆఫీసుకి చెప్పాలి. రాజ్యశ్రీ పార్లమెంటు మిషను మీట నొక్కింది. నూట పద్దెనిమిది. శాంతయ్య టిక్కులు కూడా నూట పద్దెనిమిదే. అసెంబ్లీ మిషను నొక్కింది. నూట అరవై ఎనిమిది.

ఆమె మళ్ళీ నొక్కింది. అంకె మారలేదు.

భవానీప్రసాద్ లేచి నిలబడ్డాడు. "యాభై ఓట్లా! యాభై ఓట్లు గుద్దారా! ఆపండి పోలింగు!"

"ఎవరు గుద్దారయ్యా? నీ కళ్ళ ముందేగా అందరూ వేసింది?" అని మిగతా ఏజెంట్లు వాడి మీద పడ్డారు. లైను ఆగింది. మాట బయటికి పాకింది. చెట్ల కింద చేరినవాళ్ళు రెండు గుంపులుగా చీలుతున్నారు.

శాంతయ్య మాత్రం కదల్లేదు. యాభై అనే మాట చెవిన పడగానే ఆయనకి పొద్దుటి సంగతంతా వెనక్కి తిరిగింది. చివరి మీట నొక్కాడు. కుర్చీ చూశాడు. ఆ తర్వాత మిషన్ని తుడవడం చూశాడా? చూడలేదు. సంతకం మాత్రం పెట్టాడు.

మంచినీళ్ళు తాగే నెపంతో గేటు దాకా వెళ్ళాడు. అక్కడ ఆయన పార్టీ బూత్ వ్యవహారం చూసే థామస్ కాచుకునున్నాడు.

"బాబాయ్, రిగ్గింగ్ జరిగిందని రాసిచ్చి బయటికొచ్చెయ్," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ బూత్ ఎట్టాగూ మనది కాదు. ఆగిపోతే మనకే మంచిది."

"రిగ్గింగ్ కాదురా. తుడవడం మర్చిపోయారు. నేను చూడకుండా సంతకం పెట్టా."

థామస్ నోరు తెరిచాడు. "ఆ మాట ఇంకెవరి దగ్గరా అనబాక. నువ్వు చెప్తే తప్ప ఎవరికి తెలుసు? నీ బూత్‌కి మచ్చ లేదని నువ్వేగా చెప్పుకుంటావు?"

అది నిజమే. నోరు మూసుకుంటే పేరు నిలుస్తుంది. నోరు తెరిస్తే తొమ్మిది ఎన్నికల పేరు పదో దాంట్లో పోతుంది.

లైన్లోంచి ఒక ఆడమనిషి పిలిచింది. "తాతా, ఓటు పడుద్దా పడదా? రాత్రంతా బస్సులో నిలబడొచ్చాం హైదరాబాద్ నించి. రెండింటికి మళ్ళా బస్సెక్కాలి." కృష్ణప్రియ. పెళ్ళయి వెళ్ళినా ఓటు ఇక్కడే ఉంచుకుంది. ఆమె వెనకాల అట్టాంటి వాళ్ళే ముప్పై మంది.

శాంతయ్య చెంబు కింద పెట్టాడు. "పడుద్ది. లైన్ వదలబాకండి," అని లోపలికి నడిచాడు.

"మేడమ్, నల్ల కవర్లు చూపించండి," అన్నాడు.

రాజ్యశ్రీ సంచి తెరిచింది. పార్లమెంటు కవరు చీటీలతో ఉబ్బి, సీలు వేసి ఉంది. అసెంబ్లీ కవరు దోసెలా చదునుగా ఉంది. ఆమె కుర్చీలో కూలబడింది. "నేను తుడిచాననే అనుకున్నానండీ..."

"తుడవలేదమ్మా. చీటీలూ డబ్బాలోనే ఉన్నాయి. ఆ యాభై మన ఉత్తుత్తి ఓట్లే. కాగితం ఇయ్యండి, రాస్తా."

"ఏం రాస్తావు?" అన్నాడు భవానీప్రసాద్.

"చూడకుండా సంతకం పెట్టానని."

రాజ్యశ్రీ సంచిలోంచి తెల్ల కాగితం తీసి ఇచ్చింది.

"నువ్వు చూడలేదేమో, నేను చూశా," అన్నాడు భవానీప్రసాద్. "అది రిగ్గింగే."

"ఏం చూశావు ప్రసాదూ? నువ్వు కుర్చీ చేతులు పట్టుకుని నా వంక చూస్తున్నావు. నేను నీ వంక చూస్తున్నా. వీళ్ళిద్దరూ మన తమాషా చూస్తున్నారు. మిషన్ని చూసినోడు ఈ గదిలో ఒక్కడూ లేడు. మేడమ్‌ది ఒక తప్పయితే మనవి నాలుగు."

"సరే, మాక్ ఓట్లే అనుకుందాం. అవి ఎవరికెన్నో ఎవరికి తెలుసు? నీ పార్టీకి ముప్పై నొక్కావేమో!"

శాంతయ్య నవ్వాడు, ఆ పొద్దుటికి మొదటిసారి. "పంక్తి లెక్క మర్చిపోయావా? పది మీటలు, ఐదు వరసలు. నీ గుర్తుకి ఐదు, నా గుర్తుకి ఐదు, నోటాకీ ఐదు. నువ్వే నా గుర్తు రెండుసార్లు నొక్కావు, చెయ్యి కాలినట్టు మొహం పెట్టావు కూడాను."

మిగతా ఇద్దరూ ఆగలేక నవ్వేశారు. భవానీప్రసాద్ నవ్వలేదు. కానీ కాదనలేదు కూడా.

శాంతయ్య ఐదో క్లాసు అక్షరాలతో, ఒక్కొక్కటీ ఇసకలో దిద్దినట్టు రాశాడు: 'మిషను తుడవడం నేను చూడలేదు. చూసినట్టు సంతకం పెట్టాను. తప్పు. గుర్తుకి ఐదు చొప్పున యాభై మాక్ ఓట్లు అందులో ఉన్నవి.' కింద ఈసారి చూసి సంతకం పెట్టి, కాగితం కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళి పట్టుకు నిలబడ్డాడు.

"రెండింటి బస్సుకి పోయేవాళ్ళు లైన్లో ఉన్నారు ప్రసాదూ. అందులో నీ ఓట్లే ఎక్కువ, నాకు తెలుసు. ఆపుకుంటే ఆపుకో."

భవానీప్రసాద్ కిటికీలోంచి లైను వంక చూశాడు. పెన్ను తీసుకున్నాడు. "మా వాళ్ళు నన్ను చంపుతారు," అని గొణుక్కుంటూ గీకాడు. మిగతా ఇద్దరూ పెట్టారు. ఆఖర్న రాజ్యశ్రీ పెట్టింది.

సెక్టార్ ఆఫీసరు జీపులో వచ్చాడు. ఏజెంట్లని విడివిడిగా పిలిచి ఎవరికెన్ని నొక్కారో అడిగాడు. నలుగురూ గుర్తుకి ఐదనే చెప్పారు. పైకి ఫోను చేశాడు, చాలాసేపు మాట్లాడాడు. ఆ మిషన్ని కాగితంతో సహా సీలు వేయించి పక్కన పెట్టించి, కొత్తది తెప్పించాడు. మళ్ళీ యాభై నొక్కారు, పంక్తి ప్రకారమే. ఈసారి తుడవడానికి రాజ్యశ్రీ మీట మీద వేలు పెట్టగానే నలుగురూ తలలు గుద్దుకునేంత దగ్గరగా వంగి చూశారు. పదకొండుకి పోలింగు మళ్ళీ మొదలైంది. కృష్ణప్రియ ఓటు వేసి, సిరా వేలు కిటికీలోంచి ఊపి బస్సుకి బయల్దేరింది.

మధ్యాహ్నం ఎండ బెంచీ మీదికి వచ్చింది. భవానీప్రసాద్ కాసేపు చూసి లేచాడు.

"రా పెద్దాయనా, కూచో."

"నువ్వే కూచో. ఇయ్యాల్టికి అది నీది. వచ్చేసారి నేను నాలుగింటికే వస్తా."

ఆరింటిదాకా బెంచీ మీదే ఉన్నాడు. ఎనిమిది వందల పన్నెండు టిక్కులు పెట్టాడు. మొహాలు కనపడకపోతే మెడ తిప్పి చూశాడు, అంతే.

లెక్కింపు రోజున పక్కన పెట్టిన మిషన్ని చివర్లో తీశారు. చీటీలు లెక్కపెట్టి, ఆ కాగితం చూసి, గుర్తుకి ఐదు చొప్పున తీసేశారు. నూట పద్దెనిమిది ఓట్లూ నిలిచాయి. లూర్దమ్మది కూడా. శాంతయ్య పార్టీకి ఆ బూత్‌లో తక్కువే వచ్చాయి. అది ఎవరికీ కొత్త కాదు.

ఇప్పుడు ఎవరైనా కూచోబెట్టి అడిగితే ఆయన బోరింగు చెబుతాడు, సమాధుల దారి చెబుతాడు, రూబీ ఉద్యోగం చెబుతాడు, ఆ తర్వాత చూడకుండా పెట్టిన సంతకమూ చెబుతాడు. "అది దాచరాదా?" అంటుంది లూర్దమ్మ. ఆయన వినడు. "మచ్చ లేదు" అనే మాట మాత్రం మానేశాడు.

మొన్న మళ్ళీ ఎన్నికల మాట వినపడగానే శాంతయ్య థామస్ ఇంటికి వెళ్ళాడు.

"బాబాయ్, పైవాళ్ళు ఈసారి ఎవరన్నా కుర్రాళ్ళని పెట్టమంటున్నారు," అన్నాడు థామస్, మొహం చూడకుండా.

"పెట్టండి. పంక్తి లెక్క వాళ్ళకి నేర్పాలిగా, నన్నూ పెట్టండి."

"ఫారం నింపాలి, ఫొటోలు కావాలి..."

శాంతయ్య జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాడు. ఫొటోలు రెండు, ఆధార్ జిరాక్సు ఒకటి. థామస్ ఖాళీ ఫారం ముందుకి తోశాడు. శాంతయ్య కళ్ళజోడు తుడుచుకుని, పై గీత నించి కింది గీత దాకా మొత్తం చదవడం మొదలుపెట్టాడు. అరగంట పట్టింది. థామస్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. అంతా చదివాకే ఆయన పెన్ను అడిగాడు.