హొన్మా గారి తిరుగుళ్లు

త్సుబామె ఊళ్లో చెంచాలు, ఫోర్కులు చేసే నగుమో ఫ్యాక్టరీలో హొన్మా ఏసాకు గారు చేసే పనేమిటని అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేరు. బల్ల ఉంది, కుర్చీ ఉంది, ఆఫీసు వ్యవహారాల పెద్ద అన్న హోదా కూడా ఉంది. మనిషి మాత్రం కుర్చీలో కనిపించరు. గురువారం మీటింగు ఉందంటే సోమవారం నుంచే కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటారు.

సిగరెట్లు కాల్చుకునే చోట పాలిష్ విభాగం పెద్ద సెకికావాను పట్టుకుంటారు. ఊరి స్నానశాలలో వేడినీళ్ల తొట్టెలో మెడదాకా మునిగి, పక్కనే మునిగి ఉన్న కార్మిక సంఘం నాయకుడి మనసు కనుక్కుంటారు. ప్యాకింగ్ గదిలో ఆడవాళ్లకు బియ్యప్పిండి బిళ్లలు పంచిపెట్టి ఓ చెవి అటు పారేస్తారు. మీటింగు నాటికి అందరి మాటా ఒకటైపోయి ఉంటుంది. ఇక తలలూపడమే మిగులుతుంది. దీన్ని అక్కడ నెమవాషి అంటారు. ఎదిగిన చెట్టును మరోచోట నాటాలంటే ముందుగా వేళ్ల చుట్టూ మట్టి మెల్లగా వదులు చేస్తారు కదా, అదే.

ఇంత చేసి, మీటింగులో ఆయన ఒక్కనాడైనా తన అభిప్రాయం చెప్పిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే “నాదేముందండీ” అంటారు. ఏమీ లేదన్న ఆ పెద్దమనిషి అనుకున్నదే ప్రతిసారీ జరిగేది. నాకు ఆయన మీద ఎంత ఇష్టమున్నా, ఇది మాత్రం జగమొండితనమే అంటాను.

ఆ శీతాకాలం వచ్చిన చిక్కు ఇగరాషి ఫుసాయె గారి గురించి. ఆమె పాలిష్ చక్రం దగ్గర పనిచేస్తుంది. రిటైరయ్యాక కూడా ఏటేటా ఒప్పందం మీద కొనసాగుతోంది. హొన్మా గారు కొత్తగా చేరినప్పుడు నడుం ఎంత వంచి నమస్కరించాలో, ఫోనులో ఎలా మాట్లాడాలో, పెద్దల గిన్నెలో సాకె సారా ఎలా పోయాలో నేర్పింది ఆమే. ఇప్పటికీ ఆయన్ని “నువ్వు” అనే మనిషి ఆ ఫ్యాక్టరీలో ఆమె ఒక్కతే. ఈమధ్య ఆమె పని నెమ్మదించింది. చిన్న యజమాని నగుమో గారు టీ తాగుతూ హొన్మా గారితో, “ఆమెను మార్చి నెలతో ఆపేద్దామా?” అని మాట వరసకు అన్నారు.

ఆ సాయంత్రమే హొన్మా గారి తిరుగుడు మొదలైంది.

“కొత్తపిల్లలకు పని నేర్పడానికి ఆమెను పెడితే ఎలా ఉంటుందంటారు?” అని సెకికావాను కదిపారు.

“మీరు ఎలా ఉంటుందని అడిగారంటే, అలాగే ఉండాలని అర్థం. సరే కానీండి. నోరు మాత్రం కాస్త తగ్గించుకోమనండి. నిన్న అందరి ముందూ నన్ను మొద్దబ్బాయ్ అంది.”

“ముద్దుగా అంటుందండీ.”

“అంత ముద్దయితే మీరే అనిపించుకోండి!”

సంఘం ఒప్పుకుంది. ప్యాకింగ్ గది ఒప్పుకుంది. గేటు దగ్గర కాపలా ఆయన కూడా ఒప్పుకున్నాడు, ఆయన్ని అడగాల్సిన అవసరం ఏమిటో దేవుడికే తెలియాలి. చివరికి నగుమో గారు కూడా మెత్తబడ్డారు.

మీటింగుకు ఫుసాయె గారిని పిలిచారు. ముక్కు మీద పాలిష్ మసి తుడుచుకోకుండానే వచ్చింది. నగుమో గారు సంగతి చెప్పారు. అందరూ తలలూపారు. ఆమె లేచి నిండుగా వంగి నమస్కరించింది.

“ఇంతమంది నా గురించి ఆలోచించారు, చాలా సంతోషం. మరి నన్నెవరూ అడగలేదేం?”

తలలన్నీ ఒక్కసారిగా హొన్మా గారివైపు తిరిగాయి. ఖాయం కాకముందే చెబితే లేనిపోని ఆశ పెట్టినట్టవుతుందని ఆయన ఆమెను చివరికి వదిలేశారు. ఆ చివర ఈ మీటింగే అయికూర్చుంది.

“అయితే మీరేమంటారండీ?” అన్నారు నగుమో గారు. జవాబు ఎవరికీ ముందే తెలియని ప్రశ్న ఆ గదిలో అదే మొదటిది.

“మార్చితో మానేస్తాను బాబూ. కళ్లు అలిసిపోయాయి. కొత్త సంవత్సరం నాడే అనుకున్నాను. ఎవరైనా అడిగితే చెబుదామని చూస్తుంటే, అందరూ నన్ను చూసి ముసిముసిగా నవ్వుకుంటూ తప్పుకునేవాళ్లే! ఈ హొన్మా అయితే నా పక్కవాళ్లందరితో గుసగుసలాడి, నన్ను మాత్రం దాటుకుని పోయాడు.”

హొన్మా గారు లేచి నిలబడ్డారు. ఎవరినీ అడగలేదు, ఎవరి ముఖమూ చూడలేదు.

“వెళ్లొద్దండీ,” అన్నారు. “ఇది అందరి మాటా కాదు, నాదొక్కడిదే. మీరు లేని ఫ్యాక్టరీకి పొద్దున్నే రావాలంటే నాకు కాళ్లు రావు.”

ఎవరూ తలూపలేదు. ఆ మాటకు తలూపాలని ఎవరికీ ముందుగా చెప్పలేదు మరి.

ఫుసాయె గారు ఆయన వైపు తిరిగింది.

“ఈ ముక్క నా దగ్గరికొచ్చి చెప్పడానికి నీకేం రోగం?”

“చెప్పి ఉంటే ఉండిపోయేవారా?”

“లేదు. ఉండేదాన్ని కాదు,” అందామె. “నీకు టీ పోసిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, వెళ్లిపోతున్నానని అందరికంటే ముందు నీకు చెప్పేదాన్ని.”