చూడకుండా పెట్టిన ముద్ద

మేము వేరుశెనగను శెనక్కాయ అంటాం. ఆ మాట పలకకుండా మా ఇంట్లో ఒక్క పూట గడిచేది కాదు. చిత్తూరు పక్కన ఒక చిన్న ఊళ్లో నాయనకు శెనక్కాయలు వొలిచే మిల్లు ఉండేది. మిల్లు వెనకే ఇల్లు. కార్తీకం వచ్చిందంటే నడవ నిండా మూటలు, మిద్దె నిండా ఎండబోసిన కాయలు, తుడిచిన గంటకే మళ్లీ దుమ్ము. పప్పులో తాళింపుకు శెనక్కాయ నూనే, దోసె మీదకు ఆ నూనే. సంగటిలోకి ఊరిబిండి, అంటే వేయించిన శెనక్కాయల్ని మిరపకాయలు, చింతపండుతో కలిపి రోట్లో నూరిన పచ్చడి. అది లేకుండా సంగటి పెడితే నాయన తట్ట ముందు నుంచి లేచిపోయేవాడు. అలాంటి ఇంట్లో పుట్టి, శెనక్కాయ పడని పిల్లనయ్యాను నేను.

ఆ సంగతి తెలియడానికి మా వాళ్లకు ఏడాది పైనే పట్టింది. తెలివితక్కువ వాళ్లు కాదు. వాళ్లకు తెలిసిన కారణం ఒకటి ముందే సిద్ధంగా ఉండింది, అంతే.

నాకు ఐదేళ్లప్పుడు మొదటిసారి ఒళ్లంతా ఎర్రగా పొంగింది. అవ్వ, నాయనకు తల్లి, ఒక్క చూపు చూసి తేల్చేసింది. “అమ్మోరు వచ్చింది,” అంది. గడపకు వేపమండలు కట్టారు. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ నూనె కాగకూడదు, తాళింపు వాసన రాకూడదు. అందుకని నాకు రాగి అంబలి, పెరుగన్నం పెట్టారు. మరుసటి రోజుకల్లా పొంగు తగ్గిపోయింది. మూడో రోజు వేపాకు, పసుపు వేసిన నీళ్లు తలకు పోసి, అమ్మవారిని సాగనంపి, ఆ సంతోషంలో సంగటి, తాళింపు పెట్టిన పప్పు, ఊరిబిండి వడ్డించారు. వారం తిరక్కముందే అమ్మవారు మళ్లీ వచ్చింది.

ఆ ఏడాది ఆమె మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. వచ్చినప్పుడల్లా తాళింపు ఆపేవాళ్లు, నాకు నయమయ్యేది, అవ్వ నమ్మకం ఇంకాస్త గట్టిపడేది. “ఆయమ్మకు ఊళ్లో ఇంకో ఇల్లే దొరకలేదా,” అని గొణిగి చిన్నాన్న తిట్లు తిన్నాడు. వీధిలో ఆడవాళ్లు వచ్చి నా కాళ్లకు పసుపు రాసి, మొక్కి పోయేవాళ్లు. నాకు బాగుండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చెల్లెలి కాళ్లకు ఎవరూ మొక్కలేదని గర్వంగా కూడా ఉండేది.

అమ్మకు మాత్రం అనుమానం. ఒకరోజు నా పెదాలు వాచి మాట ముద్దగా వస్తుంటే, అవ్వతో చెప్పకుండా నన్ను చిత్తూరు బస్సెక్కించింది. అక్కడి డాక్టరు నా నాలుక, గొంతు చూసి అమ్మనొక ప్రశ్న అడిగాడు. “అమ్మవారు వచ్చినప్పుడు పాపకు ఏం పెడతారు?” అమ్మ చెప్పింది. “తలకు పోసినాక ఏం పెడతారు?” అమ్మ పప్పు అంది, సంగటి అంది, ఊరిబిండి అనబోయి ఆగిపోయింది. నేను బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నాను. అమ్మ ముఖం తెల్లబోవడం అప్పుడు చూశాను.

“శెనక్కాయ లేకుండా మా ఇంట్లో ఏం తినేది సార్?” అంది చివరికి.

“మీరు తినండి. ఈ పాపకు వద్దు. మీ చేతికి అంటుకున్నది కూడా వద్దు. ఇది ఒక్కోసారి ఊపిరి మీదికి వస్తుంది. పాప ఏదన్నా తినేటప్పుడు పెదాలు చూస్తూ ఉండండి. ముందు అక్కడే తెలుస్తుంది,” అన్నాడాయన.

అమ్మ ఆ మాటల్ని కొంగున ముడేసుకుంది. నాకు కొత్త సట్టి, కొత్త గరిటె, నువ్వుల నూనె, మిల్లుకు దూరంగా పెరట్లో చిన్న పొయ్యి. నా వంట చేసే ముందు తలస్నానం చేసి, వేరుగా దాచుకున్న చీర కట్టుకునేది. గుళ్లో వంట చేసేవాళ్లకు కూడా అంత నియమం ఉండదేమో. అవ్వ చాలా రోజులు ఒప్పుకోలేదు. “మన మిల్లులో కాయే మన బిడ్డకు విషమా మే, యాడన్నా ఉండాదా ఇట్లాంటిది?” అనేది. అమ్మ తన పాటికి తాను నా సట్టి కడుక్కునేది.

నాకు వేరే వంట వచ్చినందుకు బాధ లేదు. బాధంతా ఇత్తడి బేసిని గురించి.

దీపాలు పెట్టే వేళకు అమ్మ ఆ పెద్ద బేసినిలో సంగటి వేసుకుని వాకిట్లో కూర్చునేది. చుట్టూ చెల్లెలు, చిన్నాన్న పిల్లలు, ఒక్కోసారి పక్కింటి పిల్లలు కూడా. సంగటి తుంచి, ఊరిబిండిలో అద్ది, వరసగా ఒక్కొక్కరి నోట్లో పెట్టేది. ఎవరి వైపూ చూసేది కాదు. అవ్వతోనో, వీధిలో పోయేవాళ్లతోనో మాట్లాడుతూ ఉండేది. చెయ్యి మాత్రం తన దారిన తాను తిరిగేది, ఏ నోరు ఎక్కడుందో దానికే తెలిసినట్టు. డాక్టరు చెప్పేదాకా ఆ వరసలో నా నోరు కూడా ఉండేది. ఆ ముద్దలు ఎలా ఉండేవో గుర్తు లేదు. గుర్తు లేని దాని కోసం ఏడవడం ఎంత కష్టమో చెప్పలేను.

ఇప్పుడు నాకు నా తట్ట. నా చేత్తో నేనే తినాలి. అమ్మ ఎదురుగా కూర్చుని నా పెదాలే చూస్తుండేది. పరీక్షలో పక్కన నిలబడిన అయ్యవారిలా ఆ చూపు. “దురదగా ఉండాదా పాపా? గొంతు పట్టినట్టుండాదా?” రెండు ముద్దలకొకసారి అడిగేది. నాకు ఒళ్లు మండేది. “లేదు,” అని గసిరేదాన్ని. చెల్లెలికి ఎప్పుడూ ఈ ప్రశ్నలుండేవి కావు.

కాయలు ఇంటికి చేరే నెలల్లో నన్ను తిరుచానూరులో మేనత్త దగ్గరికి పంపేవాళ్లు. “ఆడ దుమ్ముండదు,” అనేది అమ్మ. అత్త మంచిదే. ఆమె పూలు కట్టి అమ్మేది. నేను దారం అందించేదాన్ని, కనకాంబరాలు రాశి పోసేదాన్ని. అమ్మ శుక్రవారం వచ్చేది. బస్సు దిగగానే బావి దగ్గరికి పోయి చేతులు, ముఖం, మెడ కడుక్కుని, సంచీలో తెచ్చుకున్న చీర మార్చుకుని, అప్పుడు గానీ నన్ను దగ్గరికి తీసుకునేది కాదు. ఆ కాసేపూ నేను స్తంభం పట్టుకుని నిలబడేదాన్ని. గుడికొచ్చిన యాత్రికుల పిల్లలు తల్లుల చంకల్లో కొంగులు నలిపేస్తూ పోతుంటే చూసి, కడుక్కోకుండా ముట్టుకునే తల్లి కావాలని ఏడ్చేదాన్ని. అమ్మ వెళ్లాక ఆమె విడిచిన చీర వాసన చూద్దామంటే, అది కూడా సంచీలో పెట్టి గట్టిగా మూతి కట్టి తీసుకుపోయేది.

నాకు పదేళ్లొచ్చిన ఎండాకాలం అది జరిగింది. వానలకు ముందు విత్తనం కాయలు వొలుస్తారు. మిల్లులో వేస్తే పప్పు చిట్లి మొలకెత్తదు. అందుకని మిల్లున్న మా ఇంట్లో కూడా విత్తనం కాయలు చేత్తోనే వొలవాలి. సాయంత్రమైతే వీధి ఆడవాళ్లంతా మా వాకిట్లో చేరేవాళ్లు. కాయలు పటపటమంటుంటే మాటలు, వెక్కిరింతలు, నవ్వులు. నేను ఎదురింటి తిన్నె మీద ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని కూర్చోవాలి. వాళ్లు దేనికి నవ్వుతున్నారో వీధి దాటి నాకు వినిపించేది కాదు. నవ్వు మాత్రం వినిపించేది.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఒకే ఒక లాంతరు, అది కూడా కాయల రాశి దగ్గర. అమ్మ బేసిని పెట్టుకుని పిల్లల్ని పిలిచింది. నేను తడిగుడ్డ తీసి తలమీద కప్పుకుని, వీధి దాటి, చెల్లెలికీ చిన్నాన్న కూతురికీ మధ్యలో దూరి కూర్చున్నాను. చెల్లెలు నన్ను చూసి, కాస్త పక్కకు జరిగింది. అమ్మ తిరుపతిలో కొన్న చీర మొదటి ఉతుకుకే రంగు పోయిందని పక్కింటామెతో చెబుతోంది. “నీలం రంగంతా బక్కెట్లోకి దిగిపోయింది సూడు,” అంటూనే చెల్లెలికి పెట్టింది. చెయ్యి నా దగ్గరికి వచ్చింది. నోరు తెరిచాను.

తర్వాత అందరూ చిన్నపిల్ల, తెలియక తినిందన్నారు. నాకు బాగా తెలుసు. డాక్టరు మాట తెలుసు, ఊపిరి సంగతి తెలుసు. ఆ ముద్ద కావాలి, అంతే. వేడి సంగటి, ముందు కారం, దాని వెనక పులుపు, చివర్లో వేయించిన కాయ కమ్మదనం. అమ్మ వేళ్ల కొసలు నా కింది పెదవికి తగిలాయి. ఆ చెయ్యి ఆగలేదు, అనుమానించలేదు, పక్క నోటికి పోయింది. అమ్మ చీర కథ చెబుతూనే ఉంది. ఆ కాసేపు నేను కూడా అందరిలాంటి పిల్లనే.

రెండో ముద్ద నా దాకా రాలేదు. నాలుక బరువెక్కింది. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టయింది. “అమ్మా, అక్క,” అంది చెల్లెలు.

నాయన మిల్లు లారీ తీయబోతే అమ్మ అడ్డం పడింది. “దాంట్లో వద్దు, అంతా కాయల దుమ్ముండాది.” పక్కింటి వాళ్ల జీపు తెచ్చారు. అమ్మ ఎడమ చేత్తో నన్ను రొమ్ముకు అదుముకుంది. కుడి చెయ్యి కడుక్కోవడానికి ఆగలేదు. చిత్తూరు దాకా ఆ చేతిని జీపు బయటికి చాపి పట్టుకుని కూర్చుంది, నాకు తగలకుండా. ఊపిరి అందక కొట్టుకుంటూ నేను చూసింది ఆ చేతినే. వేళ్ల మధ్య సంగటి అలాగే ఉంది.

ఆస్పత్రిలో సూదులు వేశారు, బతికాను. నర్సు చెబితే గానీ అమ్మకు చెయ్యి సంగతి గుర్తు రాలేదు. వరండా చివర కొళాయి దగ్గర చాలాసేపు కడుక్కుంది. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తగిలించి ఉంటే నాకు నయంగా ఉండేది. తిరిగొచ్చాక నాయనతో ఒకటే అంది. “నా చేత్తోనే పెట్టినా. సూడకుండా పెట్టినా.”

ఆ వారమే ఇత్తడి బేసిని అటకెక్కింది. అమ్మ మళ్లీ ఎవరికీ చేత్తో ముద్ద పెట్టలేదు. పిల్లలందరికీ ఎవరి తట్ట వాళ్లకు వచ్చింది. చెల్లెలు చాన్నాళ్లు నాతో పోట్లాటకొచ్చినప్పుడల్లా “నీ వల్లే,” అనేది. దేని సంగతో చెప్పనక్కర లేదు. నా వల్లే. నాకు లేనిదాన్ని అందుకోబోయి, వాళ్లకున్నది కూడా పోగొట్టాను.

పెళ్లయ్యాక పాకాలలో కాపురం. రైలు కట్టకు దగ్గరగా ఇల్లు, నా భర్తది బడిపంతులు ఉద్యోగం. ఆ ఇంట్లోకి శెనక్కాయ రాలేదు. మా పాపకు మూడేళ్లు నిండిన ఏడాది అమ్మ వచ్చి వారం ఉంది. పాపకు శెనక్కాయలు ఏమీ చేయవు, అమ్మమ్మ ఇంట్లో గుప్పెళ్లతో తింటుంది. అయినా అమ్మ మా ఇంటికొస్తే పాత అలవాటే. ముందు స్నానం, తర్వాత చీర, తర్వాత మేము.

ఒక సాయంత్రం అమ్మ సంగటి కెలికి, నువ్వులతో ఊరిబిండి నూరింది. పాప తట్ట తోసేసి, “అమ్మమ్మా, నువ్వు పెట్టు,” అంది. అమ్మ తన అరచెయ్యి చూసుకుంది. “మర్చిపోయినా మే,” అంది నాతో, నవ్వబోయి. వంటింట్లోకి పోయి మా ఇంట్లో ఉన్న స్టీలు బేసిని తెచ్చి ఆమె ముందు పెట్టాను. సంగటి వేసుకుంది. ఒక ముద్ద పాపకు. రెండోది పాపకు. మూడోసారి ఆ చెయ్యి నా వైపు తిరిగింది. ముప్పై దగ్గర పడ్డ ఆడదాన్ని, చిన్నపిల్లలా ముందుకు జరిగాను.

నా నోటి దగ్గరికొచ్చి చెయ్యి ఆగిపోయింది.

“నువ్వులేమ్మా. నువ్వే నూరినావు,” అన్నాను.

“తెలుసులే,” అంది.

ముద్ద పెట్టింది. బాగుంది, చాలా బాగుంది. నములుతూ తలెత్తి చూస్తే అమ్మ నా పెదాలే చూస్తోంది. రెప్ప వేయడం లేదు. నాకు ఈసారి కోపం రాలేదు. ఇన్నేళ్లూ ముద్ద కోసం బెంగపడ్డానని అనుకున్నాను. నాకు కావలసింది అమ్మ వేరే వైపు చూస్తూ పెట్టే ముద్ద. ఆరేళ్లకు ముందు తిన్నవి గుర్తు లేవు. గుర్తున్నది కరెంటు పోయిన ఆ సాయంత్రం తిన్న ఒక్క ముద్దే. అది తిన్నందుకే అమ్మ ఇంక చూపు తిప్పుకోలేకపోయింది.

పాప మళ్లీ నోరు తెరిచింది. అమ్మ కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. అటు తిరక్కుండానే సంగటి తుంచి, అద్ది, దాని నోట్లో పెట్టింది.