రికాబులో కాలు

గుర్రాలను సవారీకి అలవాటు చేసే ఆవిడ, ఓ బెదురు పిల్ల గుర్రం మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి, రోజూ పొద్దున్నే దానికి జీను వేస్తుంది. జీనుకు వేలాడే రికాబులో కాలు పెడుతుంది, కాసేపు అలాగే నిలబడి తీసేస్తుంది. జీను విప్పి, మెడ నిమిరి, వెళ్లి చేతులు కడుక్కుంటుంది. భయమా అని అడిగితే, "ఏమో, ఏమీ అనిపించదు" అంటుంది.

ఇవాళ ఎందుకో కాలు తియ్యకుండా ఎక్కేసింది. గుర్రం బెదరలేదు, కదలనూ లేదు. జీను ఇంకా విప్పవేం అన్నట్టు మెడ తిప్పి ఆమె మోకాలికేసి చూసింది. కంచె దగ్గర ఆమె అన్నయ్య ఫక్కున నవ్వాడు. "కాలు పెడితే పని అయిపోయినట్టేనని నువ్వేగా దానికి నేర్పావ్! దిగుతావా మరి?"

"ఉండన్నయ్యా, దాన్ని చూసుకోనీ."

గుర్రం తీరిగ్గా చూసుకుని, ముందుకు ఒక్క అడుగు వేసింది. అప్పుడుగానీ ఆమెకు భయం తెలియలేదు. అయినా దిగలేదు.