సెలవులో ఉన్న మరియమ్మ లాగిన్

2023, మిరప కోతల కాలం. గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. మిరప బస్తాలను చలి గదుల్లో దాచే గిడ్డంగి అన్నమాట. ఏ రైతు ఎన్ని బస్తాలు దించాడు, అవి ఏ గదిలో ఉన్నాయి, ఎప్పుడు బయటికి వెళ్ళాయి అన్నదంతా అక్కడి డేటాబేస్ సర్వర్‌లో ఉంటుంది. ఆ సర్వర్ బాగోగులు చూడటం నా పని. అందులోకి వెళ్ళడానికి ఒక్కో ఉద్యోగికి ఒక యూజర్ అకౌంట్, దానికో పాస్‌వర్డ్ ఉంటాయి. బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న మా చిన్న ఆఫీసులో కూర్చుని నేను చేసేదాంట్లో ముప్పాతిక వంతు, పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళను ఊరడించడమే.

ఆ ఉదయం మాత్రం స్కూటర్ వేసుకుని స్వయంగా బయల్దేరాల్సి వచ్చింది. ఊరు దాటాక మంచు ఇంకా విడలేదు. రోడ్డు పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు ముందు ముక్కుకి తగిలి, ఎరుపు ఆ తర్వాత ఎప్పటికో కంటికి ఆనుతోంది. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు నడుం దాకా కనబడి, మళ్ళీ తెల్లదనంలో కలిసిపోతున్నారు. వాళ్ళ మాటలు మాత్రం ఎక్కడినుంచో తేలి వస్తున్నాయి. నేనింకా నిద్ర లేవలేదేమో, ఇదంతా పక్క మీదే జరుగుతోందేమో అనిపించింది. అలాంటి ఉదయాలంటే నాకు ప్రాణం. పని మరిచిపోయి నెమ్మదిగా నడిపాను.

కోల్డ్ స్టోరేజీ గేటు ముందు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. యజమాని సుబ్బారావు గారు నాకోసం వరండాలో పచార్లు చేస్తున్నారు. ఒకప్పుడు మిరప పండించి, తర్వాత ఈ వ్యాపారంలోకి వచ్చిన రైతు ఆయన.

"చూశారా మేడం? నిన్న మీరు పాస్‌వర్డ్ మార్చారు. పొద్దున్నుంచీ మళ్ళీ దాంట్లోకే దూరబోతోంది. అకౌంట్ లాక్ అయిందంట. అదీ దాని ధైర్యం!"

ఆయన అంటున్నది మరియమ్మ గురించి. మరియమ్మ అక్కడ కాటా గదిలో, అంటే లారీలు తూచేచోట, ఎంట్రీలు కొట్టే ఆపరేటర్. కాలు విరిగి వేటపాలెంలో చెల్లెలింట్లో ఉంది. ఆమె సెలవులో ఉండగానే పొదిలి రైతు ఒకాయన తన బస్తాలు తీసుకెళ్ళడానికి వస్తే, అవి అప్పటికే వేరేవాళ్ళ లారీలో వెళ్ళిపోయాయని తేలింది. బయటికి పంపిన ఎంట్రీ మరియమ్మ అకౌంట్‌తో పడి ఉంది. దాంతో సుబ్బారావు గారు ముందురోజు నాకు ఫోన్ చేసి ఆమె పాస్‌వర్డ్ మార్పించారు. ఆ వెంటనే ఆమెకు ఫోన్ చేసి, ఇక పనిలోకి రావద్దని చెప్పేశారు.

"పాస్‌వర్డ్ బయటివాళ్ళకి అమ్మేసుంటుందండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్నారు.

ఈశ్వరుడు పట్టలేని దొంగను నన్ను పట్టమంటున్నారన్నమాట. నవ్వు రాలేదు. మరియమ్మ నాకు తెలుసు. పొలం పనులకు వెళ్తూనే పదో తరగతి గట్టెక్కి, కంప్యూటర్ నేర్చుకున్న మనిషి. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తుంది. దొంగ అన్న పేరు పడితే చుట్టుపక్కల ఏ కోల్డ్ స్టోరేజీలోనూ గేటు దాటనివ్వరు.

సర్వర్ గది చలి గదుల పక్కనే ఉంది. తలుపు కింద నుంచి చల్లటి ఆవిరి పాకి కాళ్ళను తడుముతోంది. బయట ఎండ వస్తున్నా లోపల కాలం ఆగిపోయినట్టు ఉంటుంది. మిరప ఘాటుకి అక్కడ ఎవరో ఒకరికి ఎప్పుడూ పొలమారుతూనే ఉంటుంది. ప్రపంచమంతా వాళ్ళనే తలుచుకుంటోందనుకోవాలి.

తప్పు పాస్‌వర్డ్ మాటిమాటికీ కొడితే సర్వర్ ఆ అకౌంట్‌ని కాసేపు మూసేస్తుంది. అదే లాక్. నేను లాక్ తీసి, లాగ్ తెరిచి కూర్చున్నాను. ఎవరి పేరుతో లోపలికి రాబోయారో సర్వర్ తనంతట తాను రాసుకునేదే లాగ్. ఏ కంప్యూటర్ నుంచో కూడా రాసుకునేలా అప్పుడే మార్చాను. సుబ్బారావు గారు కుర్చీ నా పక్కకి లాక్కున్నారు. ఇద్దరం చెరువులో గాలం వేసినవాళ్ళలా తెర వంక చూస్తూ ఉండిపోయాం.

తెర మీద ఒక వరస కదిలింది. మరియమ్మ పేరు. తప్పు పాస్‌వర్డ్. మళ్ళీ ఇంకొకటి.

"అదిగో! వేటపాలెం నుంచేనా?" అన్నారాయన.

"కాదండి. మీ కాటా గదిలోంచి."

ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచారు. ఇద్దరం వరండా దాటి వెళ్ళాం. కాటా గుమాస్తా నాగరాజు గుమ్మం బయట చెప్పులు విడిచి, కీబోర్డు కళ్ళకద్దుకుని, ఒక్కో అక్షరం పైకి అనుకుంటూ కొడుతున్నాడు. పాస్‌వర్డ్ అలా పైకి చదువుతూ కొట్టడం మరియమ్మ అలవాటు. ఆ గదిలో పనిచేసేవాళ్ళందరికీ అది నోటికి వచ్చు.

"ఒరేయ్ నాగరాజూ! ఏం చేస్తన్నావురా?"

నాగరాజు ఉలిక్కిపడి లేచాడు. "బోణీ అండి. ఇవాళ ఎందుకో పడట్లేదండి. అందుకే లారీలు ఆగిపోయాయి."

"బోణీ ఏంట్రా?"

"మీరే గదండీ అన్నారు! మరియమ్మక్క చెయ్యి మంచిది, ఆ చేత్తో బోణీ అయ్యాకే లారీ లోపలికి రావాలని. అక్క లేదు గదాని, అక్క పేరు మీద మొదటి ఎంట్రీ నేనే కొడతన్నానండి. ఆ తర్వాత బయటికి రాకుండా రోజంతా దాంట్లోనే పని కానిచ్చేస్తన్నా."

"పొదిలి లాట్ కూడా నువ్వే పంపావా?" అని నేను అడిగాను. లాట్ అంటే ఒక రైతు ఒకసారి దించిన సరుకు.

వాడి మొహం పాలిపోయింది. "లాట్ నెంబరు తప్పు కొట్టానేమోనండి. రద్దీలో చూసుకోలేదు."

మరియమ్మ మొదటిసారి ఎంట్రీ కొట్టిన ఏడాది చలి గదులన్నీ నిండాయట. అప్పటినుంచీ ఆ చేతి బోణీ లేనిదే సుబ్బారావు గారు గేటు తీయనివ్వరు. ఆ చేతినే ఆయన నిన్న దొంగ చెయ్యి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. 

బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆయన కాటా గదిలో స్టూలు మీద కూర్చుండిపోయారు. కిటికీలోంచి పడుతున్న ఎండలో మిరప ధూళి ఎర్రగా, తీరిగ్గా తేలుతోంది. కాసేపటికి ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టారు.

"మరియమ్మా, పొరపాటైపోయిందమ్మా. నీ తప్పేం లేదు. నాగరాజు నీ పేరుతో కొట్టాడు. కాలు బాగయ్యాక వచ్చెయ్. అప్పటిదాకా జీతం ఆగదు."

అవతల చెల్లెలింటి దగ్గర ఎక్కడో జీడిపప్పు బట్టీ దగ్గర ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి.

"వస్తాను సార్" అంది మరియమ్మ. "కానీ బోణీ మాత్రం చెయ్యను. గదులు నిండితే నా చెయ్యే అన్నారు. బస్తాలు పోతే నా చెయ్యే అన్నారు. రెండూ నేను చెయ్యలేదు సార్. నేను కొట్టింది ఎంట్రీలే."

సుబ్బారావు గారు "సరేనమ్మా" అన్నారు. 

నేను మరియమ్మ అకౌంట్‌ని ఆమె వచ్చేదాకా ఆపేశాను. నాగరాజుని తన పేరుతో లోపలికి వెళ్ళమన్నాను. వాడు భయంభయంగా యజమాని వంక చూశాడు. ఆయన తల ఊపారు. గేటు తీశారు. మొదటి లారీ కాటా ఎక్కింది. పొదిలి రైతు బస్తాలు గుంటూరు మిర్చి యార్డులో ఇంకా అమ్ముడవకుండా దొరికాయి, సాయంత్రానికి వెనక్కి వచ్చాయి.

అంతకుముందు నా రిపోర్టుల్లో "ఫలానావారు లోపలికి వచ్చారు" అని రాసేదాన్ని. ఇప్పుడు "ఫలానావారి పేరుతో ఎవరో లోపలికి వచ్చారు" అని రాస్తాను. చదివేవాళ్ళకు అది చాదస్తంగా ఉంటుంది. ఒకాయన అడిగారు కూడా, రెండింటికీ తేడా ఏముందండీ అని. ఆ తేడాలో ఒక మనిషి ఉద్యోగం ఉంటుందని చెప్పాను.